డ్యుటీరేటెడ్ సాల్వెంట్లు, 4వ పాఠం: సీడీసీఎల్3లో పాలీలాక్టైడ్ లెక్క

పోయిన పాఠంలో ఎన్‌ఎంఆర్ మెషీన్ అయస్కాంత క్షేత్రాన్ని నిలకడగా ఉంచే లాక్, అంతటా ఒకేలా చేసే షిమ్ చూశాం. ఈసారి లాక్టైడ్ అనే మోనోమర్ ఎంత శాతం పాలిమర్‌గా మారిందో, గొలుసు ఎంత పొడవుందో ఒకే ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రమ్‌తో (హైడ్రోజన్లు పీకులుగా కనబడే గ్రాఫ్) తేలుద్దాం. గొలుసును మొదలెట్టే బెంజైల్ ఆల్కహాల్ 1 మోల్, లాక్టైడ్ 50 మోల్స్, ఉత్ప్రేరకం డీబీయూ అనే క్షారం.

ముందు చర్యను ఆపాలి. ఫ్లాస్కులోంచి తీసిన శాంపిల్‌ను నేరుగా ట్యూబులో పోస్తే మెషీన్ దగ్గర మీ వంతు వచ్చేదాకా చర్య నడుస్తూనే ఉండొచ్చు. డీబీయూ కంటే కాస్త ఎక్కువ మోల్స్ బెంజోయిక్ ఆమ్లం వేసిన వయల్‌లోకి తీయండి. చర్యకు ద్రావణిగా వాడిన డైక్లోరోమీథేన్‌ను పూర్తిగా ఎగరగొట్టండి, దాని పీక్ 5.30 (పీకు స్థానాలన్నీ పీపీఎంలో) దగ్గర పడి మనకు కావలసిన చోటును ఇరుకు చేస్తుంది.

10 మి.గ్రా. శాంపిల్, 0.6 మి.లీ. సీడీసీఎల్3 (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న క్లోరోఫాం). పాశ్చర్ పిపెట్‌లో కొంచెం దూది కూరి వడకట్టి 5 మి.మీ. ట్యూబులో పోయండి. శాంపిల్ ఎక్కువేస్తే ద్రావణం చిక్కబడి పీకులు వెడల్పవుతాయి, పక్కపక్కనున్నవి కలిసిపోతాయి. స్కాన్ల మధ్య 10 సెకన్లు ఆగనివ్వండి. చిన్న అణువైన లాక్టైడ్ పాలిమర్ కంటే నెమ్మదిగా రిలాక్స్ అవుతుంది. తొందరపడితే మోనోమర్ తక్కువగా కనిపించి, మార్పిడి శాతం లేనిపోని ఎత్తుకు వెళ్తుంది.

మిగిలిన క్లోరోఫాం పీక్‌ను 7.26కి సరిపెట్టండి. 1.58 దగ్గర పాలిమర్ మిథైల్ పీక్ పెద్దగా, నున్నగా కనబడుతుంది. దాన్ని కొలవకండి. సీడీసీఎల్3లో తేమ పీక్ వచ్చేది 1.56 దగ్గర, అంటే సరిగ్గా దాని కిందే. మూత తరచూ తీసే సీసా అయితే ఈ తప్పు రోజురోజుకీ పెరుగుతుంది. బెంజైల్ వలయం పీకులు కూడా 7.26ను ఒరుసుకునే ఉంటాయి, వాటినీ వదిలేయండి.

నమ్మదగ్గవి మీథైన్ (సీహెచ్) పీకులే: పాలిమర్‌ది 5.16, లాక్టైడ్‌ది 5.04, గొలుసు చివర హైడ్రాక్సిల్ పక్కనున్నది 4.35. ఈ చివరిదాని వైశాల్యాన్ని 1గా పెట్టండి. అప్పుడు 5.16 దగ్గర 91, 5.04 దగ్గర 10 వచ్చాయనుకుందాం. 91లో బెంజైల్ సీహెచ్2 తాలూకు 2 దాగి ఉంది, తీసేస్తే 89. చివరి యూనిట్ కలిపితే 90. మార్పిడి 90/(90+10), అంటే 90 శాతం. అణుభారం 90×72.06+108.14 (72.06 అంటే సగం లాక్టైడ్, 108.14 బెంజైల్ ఆల్కహాల్), సుమారు 6,590.

90, 10 కలిపితే 100 రావడం గమనించండి: 50 లాక్టైడ్లకు 100 మీథైన్లు. మొత్తం 100 కంటే బాగా తగ్గితే ఫ్లాస్కులోని తేమ కూడా కొత్త గొలుసులు మొదలెట్టిందేమోనని అనుమానించండి. అలాంటి గొలుసుకు బెంజైల్ ఉండదు కాబట్టి ఆ 2 తీసివేత కూడా సరిపోదు.

అభ్యాసం: మెథనాల్‌లో అవక్షేపించి ఆరబెట్టిన పాలిమర్‌లో 4.35ను 1గా పెడితే 5.16 దగ్గర 61 వచ్చింది. 5.04 దగ్గర ఏమీ లేదు. అణుభారం ఎంత?