మోటార్‌హోమ్‌లో పిల్లులతో ఎడారి ప్రయాణం: లక్షణం, కారణం, పరిష్కారం

అరిజోనా, నెవాడా, న్యూ మెక్సికో ఎడారుల్లో మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వేసుకుని తిరిగేటప్పుడు పిల్లికి వచ్చే ఇబ్బందులు చాలావరకు బండితో ముడిపడి ఉంటాయి. పిల్లి తన బాధను బయటపెట్టదు, ఓ మూలకి పోయి పడుకుంటుంది. అందుకే చిన్న తేడా కనిపించినా పిల్లినీ బండినీ రెండింటినీ చూడాలి.

నోరు తెరిచి రొప్పుతోంది

కుక్క రొప్పడం మామూలే. వేడెక్కిన బండిలో పిల్లి రొప్పుతోందంటే మాత్రం ముందు వడదెబ్బనే అనుమానించాలి. పిల్లి ఒంటి వేడి మామూలుగా 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. వెంటనే చల్లటి చోటికి తీసుకెళ్లి పొట్ట, పాదాలు, చెవులు చల్లటి నీళ్లతో తడిపి ఫ్యాను పెట్టండి. ఐసు నీళ్లు వద్దు. తడి తువాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఆగిపోతుంది, అదీ వద్దు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి. తేరుకున్నట్టు కనిపించినా వెట్‌కి (పశువైద్యుడికి) చూపించాల్సిందే, లోపలి అవయవాలు దెబ్బతిన్న సంగతి ఆలస్యంగా బయటపడుతుంది.

కారణం చాలాసార్లు కరెంటు దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్‌లో (బండ్లు ఆపుకుని మకాం వేసే చోట) అందరూ ఏసీలు వేసేసరికి వోల్టేజీ పడిపోతుంది. 30 ఆంపుల లైన్ మీద ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, వాటర్ హీటర్ కూడా వేస్తే బ్రేకర్ ట్రిప్ అవుతుంది. మీరు బయట ఉంటే ఆ సంగతి మీకు తెలియదు. కాబట్టి సెల్ నెట్‌వర్క్ మీద పనిచేసే టెంపరేచర్ అలారం పెట్టుకోండి. వైఫై మీద నడిచేది పనికిరాదు, కరెంటుతో పాటే వైఫై కూడా పోతుంది. కరెంటు పోగానే దానంతటదే స్టార్ట్ అయ్యే జనరేటర్ ఉంటే ఇంకా మంచిది.

ఏసీ తిరుగుతున్నా చల్లబడకపోతే ఫిల్టర్ ఊడదీసి చూడండి. ఎడారి దుమ్ము, పిల్లి వెంట్రుకలు కలిసి మందపాటి గుడ్డలా అతుక్కుని ఉంటాయి. అది శుభ్రంగా ఉన్నా పైకప్పు ఏసీ లోపలి గాలిని ఒక విడతలో 15 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీటే తగ్గించగలదు. బండి కాలిపోయాక వేస్తే లాభం లేదు, పొద్దున్నే మొదలుపెట్టాలి.

నన్నడిగితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పిల్లులతో ఫీనిక్స్, యూమా వైపు పోనేకూడదు. వెళ్లక తప్పకపోతే ఫ్లాగ్‌స్టాఫ్‌లో మకాం పెట్టండి. దాదాపు 7,000 అడుగుల ఎత్తు కాబట్టి జూలై పగటి వేడి ఫీనిక్స్ కంటే 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైగా తక్కువ.

లిట్టర్ బాక్స్‌లో (పిల్లి మలమూత్రాల పెట్టెలో) పదే పదే కూర్చుంటోంది, ఏమీ రావడం లేదు

మలబద్ధకం అనుకుని చాలామంది ఆగుతారు. దయచేసి ఆగకండి. మగపిల్లి అయితే మూత్రనాళం పూడుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. కొత్త చోటి టెన్షన్, పొడిగాలి, నీళ్లు తక్కువ తాగడం ఇవన్నీ కలిసి ఈ సమస్యను తెచ్చిపెడతాయి. దీనికి ఇంటి వైద్యం లేదు, నేరుగా ఎమర్జెన్సీ వెట్ దగ్గరికి వెళ్లాలి. డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్ నుంచి లాస్ వేగస్ చేరడానికే రెండు గంటలు దాటుతుంది. కాబట్టి ప్రతి మజిలీకి ముందే దగ్గర్లో 24 గంటలూ తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో రాసిపెట్టుకోండి.

మన ఇళ్లలో అలవాటుగా బ్యాగులో డోలో ఉంటుంది. నొప్పి తగ్గుతుందని అందులో ముక్క కూడా వేయకండి. పారాసిటమాల్ పిల్లికి విషం.

మూత్రనాళం పూడుకుపోకుండా తడి ఆహారం పెట్టి, అందులో రెండు చెంచాల నీళ్లు కలపండి. ఎడారి ఊళ్లలో చాలాచోట్ల నీళ్లలో లవణాలు ఎక్కువ (కఠిన జలం), క్యాంప్‌గ్రౌండ్ మారితే రుచి మారుతుంది. పిల్లి వాసన చూసి గిన్నె వదిలేస్తే దారంతా ఒకే రకం నీళ్లు వాడండి.

బయల్దేరే వేళకి పిల్లి కనిపించదు

మంచం కింది డ్రాయర్ వెనక సందు, డ్యాష్‌బోర్డు కింద, స్లైడ్‌అవుట్ (బండి పక్క నుంచి బయటికి జరిగే గది భాగం) పట్టాల మధ్య దాక్కుంటుంది. కనిపించేదాకా స్లైడ్‌అవుట్ బటన్ ముట్టుకోవద్దు, పిల్లి నలిగిపోతుంది. ఇంజిన్ కూడా వేయకండి. ట్రీట్ల డబ్బా గిలకరించి ఓపిగ్గా ఆగండి. మర్నాటి నుంచి సామాను సర్దే ముందే పిల్లుల్ని క్యారియర్లలో పెట్టి బెల్టు కట్టేయండి. నడుస్తున్న బండిలో వదిలితే బ్రేకు పెడల్ కిందికి దూరే ప్రమాదం కూడా ఉంది.

నిమరబోతే ఉలిక్కిపడి పారిపోతోంది

కోపం కాదు. గాలి బాగా పొడిగా ఉంటే మీ వేలి నుంచి దాని ముక్కుకి చిటుక్కుమని షాక్ కొడుతుంది. ముందు ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని, చెయ్యి కాస్త తడి చేసుకుని నిమరండి. గాలిలో తేమ పెంచే చిన్న హ్యుమిడిఫయర్ పెట్టినా తగ్గుతుంది.

కుంటుతోంది, పాదం నాకుతోంది

ఎండలో తారు రోడ్డు మీద నడిచి ఉంటే పాదం కాలి ఉంటుంది. చలికాలం అరిజోనాలోని క్వార్ట్‌సైట్ ఊరి చుట్టుపక్కల అయితే చోయా కాక్టస్ ముల్లు చూడండి. చేత్తో లాగితే మీ వేళ్లకే గుచ్చుకుంటుంది. ముళ్ల ఉండ కిందికి దువ్వెన దూర్చి ఒక్కసారిగా ఎగరేయండి, మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయండి. నోట్లోనో కంటి దగ్గరో గుచ్చుకుంటే ముట్టుకోకుండా వెట్‌కే వదిలేయాలి.