గూఢచారి నాటకంలో దొంగ రేడియోను నమ్మించేదెలా

రెండో ప్రపంచ యుద్ధం మీద గూఢచారి నాటకం రాస్తుంటే తుపాకీ కంటే మైకే ఎక్కువ పనికొస్తుంది. 1941లో బ్రిటిష్ పాత్రికేయుడు సెఫ్టన్ డెల్మర్ బృందం బ్రిటన్ నుంచి మొదలుపెట్టిన 'గుస్తావ్ సీగ్‌ఫ్రీడ్ ఐన్స్' అనే దొంగ రేడియో జర్మనీ లోపలి రహస్య కేంద్రంలా నటించింది. అందులో మాట్లాడే 'డెర్ షెఫ్' (అంటే 'బాస్') అనే పాత్ర హిట్లర్‌ను తిట్టడు, నాజీ పార్టీ అధికారుల అవినీతిని బూతులతో దులిపేస్తాడు. పాత్ర నమ్మదగినదిగా ఉండటానికి హిట్లర్ పట్ల ఆ విధేయతే ఆధారం.

మీ ప్రసార దృశ్యాన్నీ అలాగే కట్టండి. ముందు, వినేవాడు సరిచూసుకోగల నిజాలు మూడు: బాంబు పడిన వీధి పేరు, ఫుట్‌బాల్ ఫలితం, ఒక అధికారి బదిలీ. నాలుగోది అబద్ధం. అదీ చిన్నది, ఒక్కటే. రెండు పెట్టారా, ప్రేక్షకుడికే అనుమానం వస్తుంది.

ఆ అబద్ధానికి బలయ్యే మనిషిని ప్రసారానికి ముందే ఒక దృశ్యంలో చూపించండి. చాలా స్క్రిప్టులు చెడేది ఇక్కడే: బాధితుణ్ణి దుర్మార్గుడిగా చేసి కథానాయకుణ్ణి తప్పించేస్తారు. అతను మామూలు గుమాస్తా అయితేనే ముడి బిగుస్తుంది. పశ్చాత్తాప ప్రసంగాలు వద్దు. ఆ అబద్ధపు వాక్యాన్ని కథానాయకుడే టైపు చేయాలి. పైఅధికారి ఆజ్ఞ మాత్రం నోటిమాటగానే ఉంచండి, రేపు కాదనడానికి ఆయనకు వీలుంటుంది.