థర్మల్ సైక్లర్‌లో నాలుగైదు ట్యూబులే పెడుతుంటే

పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను వేడి చేస్తూ చల్లారుస్తూ ఎన్నో కాపీలు చేసే పద్ధతి) పెట్టేటప్పుడు ప్రైమర్ల గురించి, ఎంజైమ్ గురించి పడే టెన్షన్‌లో సగం కూడా దాన్ని నడిపే మెషీన్, అంటే థర్మల్ సైక్లర్, మూత గురించి పడరు చాలామంది. 96 గుంతల బ్లాకులో నాలుగైదు ట్యూబులే ఒక మూలన పెట్టి మూత బిగిస్తే, ఆ ఒత్తిడంతా వాటి మీదే పడుతుంది. మూత ఓరగా కూర్చుంటుంది. కొన్ని ట్యూబులు నొక్కుకుపోతాయి, కొన్నిటికి మూత గట్టిగా పట్టదు, సందులోంచి ఆవిరి పోతుంది. రన్ అయ్యాక 20 మైక్రోలీటర్లు ఉండాల్సిన ట్యూబులో అడుగున కాస్తే మిగిలి, ట్యూబు మూత లోపల సన్నటి బిందువులు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. నీరు తగ్గేకొద్దీ మెగ్నీషియం, లవణాల గాఢత పెరిగి, ఫలితం చూసే జెల్ మీద అక్కర్లేని బ్యాండ్లు (డీఎన్‌ఏ గీతలు) రావచ్చు.

శాంపిళ్లను బ్లాకు మధ్యలో పెట్టి, నాలుగు మూలలా ఖాళీ ట్యూబులు మూతలు వేసి పెట్టండి. అవి కూడా అదే రకంవి కావాలి, ఎత్తు తేడా వస్తే పెట్టినా ప్రయోజనం లేదు. మెషీన్ మూత వేడి సాధారణంగా 105 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో ఓసారి చూసుకోండి.

ప్రోగ్రాంలో వాల్యూమ్ కూడా సరిచూడండి. చాలా మెషీన్లు ఆ అంకెను బట్టే ట్యూబు లోపలి వేడిని అంచనా వేస్తాయి. పాత ప్రోగ్రాంలో 50 ఉండి మీరు పోసింది 20 అయితే లెక్క తప్పుతుంది.

ఇంకోటి, రన్ అయ్యాక ట్యూబులను మెషీన్‌లోనే రాత్రంతా 4 డిగ్రీల దగ్గర వదిలేయకండి. మామూలు పీసీఆర్ ప్రోడక్ట్‌కు తెల్లారేదాకా 10 డిగ్రీలు చాలు. బ్లాకులో తేమ తక్కువ పడుతుంది, బ్లాకును వేడి చేసి చల్లార్చే పెల్టియర్ మీద భారమూ తగ్గుతుంది.