ఆ స్టేట్‌కి చేరుతుందా? ముందు క్లాక్‌లు చూడండి

టైమ్డ్ ఆటోమేటా మోడల్ (సిస్టమ్ ఉండగల స్టేట్‌లు, వాటితో పాటు కాలాన్ని కొలిచే క్లాక్‌లు ఉన్న నమూనా) చేతికి రాగానే మా జూనియర్లు స్టేట్‌లు లెక్కపెడతారు. నేను క్లాక్‌లు చూడమంటాను. ప్రమాదకరమైన స్టేట్‌కి సిస్టమ్ ఎప్పటికైనా చేరుతుందో లేదో కచ్చితంగా తేల్చే అల్గారిథమ్ ఉందా అన్నది వాటి మీదే ఆధారపడుతుంది.

మొదట గార్డులు, అంటే ఒక స్టేట్ నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే క్లాక్‌లు తీర్చాల్సిన షరతులు, చదవండి. ఎక్స్, వై అనేవి రెండు క్లాక్‌లనుకోండి. ‘ఎక్స్ 2 కన్నా తక్కువ’, ‘ఎక్స్‌లోంచి వై తీసేస్తే 1 కన్నా ఎక్కువ’ లాంటివైతే దిగుల్లేదు. భిన్నాలుంటే హారాల క.సా.గు.తో అన్నిటినీ గుణించేయండి. రెండు క్లాక్‌లను కూడి పోల్చారా, అక్కడ ఆగండి. అలాంటి గార్డులను అనుమతిస్తే నాలుగు క్లాక్‌లకే అన్ని మోడళ్లకూ పనికొచ్చే అల్గారిథమ్ ఉండదు.

తర్వాత క్లాక్‌లను ఏం చేస్తున్నారో చూడండి. సున్నా చేస్తే మంచిదే. విలువను 1 తగ్గిస్తుంటే మాత్రం రెండు కౌంటర్ల యంత్రాన్ని (రెండు లెక్కలను పెంచుతూ, తగ్గిస్తూ, సున్నానా అని చూస్తూ నడిచే ఊహా కంప్యూటర్) ఆ క్లాక్‌లతోనే నడిపించవచ్చు, అది ఆగుతుందా లేదా అన్నది ఏ అల్గారిథమూ తేల్చలేదు.

ఈ రెండూ దాటితే గ్రాఫ్ కాగితం తీయండి. కంప్యూటర్ శాస్త్రవేత్తలు రాజీవ్ అలూర్, డేవిడ్ డిల్ 1994 పేపర్‌లో చూపించిన పద్ధతి చేత్తో ఒక్కసారైనా వేయాలి, లేకపోతే బుర్రకెక్కదు. తేడాలను పోల్చే గార్డులు లేవని, ఎక్స్‌ని పోల్చే పెద్ద సంఖ్య 2, వైది 1 అని అనుకోండి. ఎక్స్‌ని అడ్డంగా, వైని నిలువుగా పెట్టి, ఆ సంఖ్యల వరకు పూర్ణాంకాల దగ్గర అడ్డగీతలు, నిలువు గీతలు, గళ్లలో ఐమూల గీతలు గీయండి. బిందువులు 6, గీత ముక్కలు 14, ఖాళీ జాగాలు 8, మొత్తం 28 ముక్కలు, వీటినే రీజియన్లంటారు. ఒకే రీజియన్‌లోని విలువలకు పూర్ణాంక భాగాలు ఒకటే, భిన్న భాగాల వరుసా ఒకటే. అందుకే ముందుముందు వాటి నడక కూడా ఒకటే. పెద్ద సంఖ్య దాటాక అసలు విలువ ఎంతన్నది అనవసరం. అనంతమైన కాలం ఇలా 28 ముక్కలకు దిగింది కదా, ఇక స్టేట్, రీజియన్ జంటలతో గ్రాఫ్ కట్టి మామూలుగా వెతకడమే.

క్లాక్‌లు పెరిగితే రీజియన్లు విపరీతంగా పెరుగుతాయి. అసలీ సమస్యే పీస్పేస్-కంప్లీట్, అంటే వేగంగా తేల్చే పద్ధతి ఉంటుందని ఎవరూ ఆశించనంత కష్టం. అందుకే ఉప్పాల్ టూల్ (హైదరాబాద్ ఉప్పల్ కాదు, స్వీడన్‌లోని ఉప్సలా, డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ యూనివర్సిటీలది) రీజియన్లను విడివిడిగా కాక జోన్లుగా, అంటే గుంపులుగా, పట్టుకుంటుంది.

మాకు ఎక్కువగా తగిలే చిక్కు షెడ్యూలర్, అంటే ఏ టాస్క్ ఎప్పుడు నడవాలో నిర్ణయించే భాగం. పెద్ద ప్రాధాన్యం ఉన్న టాస్క్ వచ్చి చిన్నదాన్ని ఆపుతుంది, ఆగినదాని క్లాక్ కూడా ఆగాలి. అలా ఆగే క్లాక్‌ని స్టాప్‌వాచ్ అంటారు, దాంతో కచ్చితంగా తేల్చే అల్గారిథమ్ ఉంటుందన్న హామీ పోతుంది. ఉప్పాల్ దాన్నీ తీసుకుంటుంది గానీ నిజంగా జరగని దారులను కూడా కలిపి లెక్కేస్తుంది. ‘చేరదు’ అంటే నమ్మండి. ‘చేరుతుంది’ అంటే, అది చూపించిన దారిని ఒక్కో అడుగూ సమయాలతో సరిచూశాకే బగ్ రాయండి.