ఇంట్లో చాకుల తయారీ – 6వ పాఠం: బెల్టు గ్రైండర్ కొనేముందు ఏ చక్రాన్ని కొలవాలి?

ఈ వారం బెల్టుల గరుకు నంబర్ల గురించి రాద్దామనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చివర, మీరు కొనాలనుకుంటున్న బెల్టు గ్రైండర్ (చక్రాల మీద తిరిగే గరుకు బెల్టుతో ఉక్కును అరగదీసే మిషను) బెల్టు వేగం లెక్కగట్టి పంపమన్నాను కదా. వచ్చిన లెక్కల్లో సగానికి పైగా ఒకే చోట తప్పాయి. అందులో నా పొరపాటూ ఉంది. ‘చక్రం వ్యాసం తీసుకోండి’ అన్నాను గానీ, ఏ చక్రమో చెప్పలేదు.

కూకట్‌పల్లి నుంచి ఒక తమ్ముడు ఆ లెక్కను నమ్ముకుని మిషను కొనేశాడు. అతను కొలిచింది పైనున్న చిన్న రోలర్‌ని, 50 మి.మీ. మోటారు నిమిషానికి 2850 చుట్లు. సెకనుకు ఏడున్నర మీటర్లు వచ్చింది, నెమ్మదైన మిషనే అనుకున్నాడు. నిజానికి మోటారుకు బిగించిన చక్రం 125 మి.మీ. అంటే బెల్టు పరిగెత్తేది సెకనుకు 18.7 మీటర్ల వేగంతో, అతను అనుకున్నదానికి రెండున్నర రెట్లు. లారీ కమాన్ పట్టీతో చేసుకున్న చాకును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, 200 డిగ్రీల దగ్గర టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్ళీ కాస్త వేడిచేయడం) కూడా చక్కగా చేశాడు. తర్వాత అంచు పలచన చేద్దామని బెల్టుకు ఆనించాడు. కొద్ది క్షణాల్లో మొన నీలంగా మారింది.

ఆ నీలాన్ని 400 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దితే పోయింది, ఇప్పుడు బాగానే ఉన్నట్టా అని అడిగాడు. కాదు తమ్ముడూ. ఆ రంగు ఉక్కు పైన ఏర్పడిన పలచని ఆక్సైడ్ పొర. రుద్దితే పొర పోతుంది, లోపల మెత్తబడిన ఉక్కు మెత్తగానే ఉంటుంది. నీలం కనిపించిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా పోయినట్టు. ఆ మేరకు అంచును వెనక్కి అరగదీయాలి, లేదా మళ్ళీ కాల్చి నూనెలో ముంచడం నుంచి మొదలుపెట్టాలి. మొన దగ్గరే కాబట్టి అరగదీస్తే చాలు, చాకు కాస్త పొట్టిదవుతుంది.

ఇప్పుడు చక్రం సంగతి. బెల్టు వేగాన్ని నిర్ణయించేది మోటారు తిప్పే చక్రం ఒక్కటే. మిగతా చక్రాలను బెల్టే తిప్పుతుంది.

బావి గిలక మీద చేంతాడును తలుచుకోండి. చేద ఎంత వేగంగా పైకి రావాలో మీ చేతులు చెబుతాయి. చిన్న గిలక తీసేసి పెద్ద గిలక పెట్టినా చేద త్వరగా రాదు, గిలక నెమ్మదిగా తిరుగుతుందంతే. కాళ్ళతో తొక్కే కుట్టు మిషను చూడండి. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, మధ్యలో తోలు బెల్టు. పై చక్రం చాలా చుట్లు తిరుగుతుంది, కింది చక్రం కొన్నే తిరుగుతుంది, బెల్టు మాత్రం రెండింటి మీదా ఒకే వేగంతో పోతుంది. పోవాలి కూడా. పైన ఒక వేగం, కింద ఇంకో వేగం అయితే ఎక్కడో ఒకచోట తెగిపోవాలి.

అదే లెక్కలో చూద్దాం. మోటారు 2850 చుట్లు, దానికి 100 మి.మీ. చక్రం. వ్యాసాన్ని 3.14తో గుణిస్తే ఒక చుట్టుకు 0.314 మీటర్లు, నిమిషానికి 895 మీటర్లు, సెకనుకు సుమారు 15. ముందువైపు 200 మి.మీ. కాంటాక్ట్ వీల్ (చాకును ఆనించే చోట బెల్టు వెనకుండే చక్రం) పెట్టారనుకోండి. బెల్టు వేగం 15 దాటదు. ఆ పెద్ద చక్రం మాత్రం నిమిషానికి 1425 చుట్లే తిరుగుతుంది, మోటారులో సగం. దాన్ని కొలిచిన వాళ్ళకు సెకనుకు 30 మీటర్లు వచ్చింది. నాకు అలాంటి లెక్కలు నాలుగు వచ్చాయి. ‘ఇంత వేగం భయం, వద్దు’ అని ఒకరు మంచి మిషనును వదిలేసుకున్నారు.

కొన్ని మిషన్లలో ముందున్న చక్రమే మోటారు ఇరుసు మీద ఉంటుంది. అప్పుడు దాన్నే కొలవాలి. చక్రం పెద్దదా, చిన్నదా, ముందుందా, వెనకుందా అని చూడకండి. మోటారు ఇరుసు ఎందులో దూరి ఉందో చూడండి. మోటారుకూ చక్రానికీ మధ్య పుల్లీలు ఉంటే మోటారు చుట్లు పనికిరావు, ఆ చక్రం తిరిగే చుట్లు కావాలి.

విదేశీ వీడియోలు చూసేవాళ్ళకు ఇంకో మాట. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి మోటారు 3450 చుట్లు తిరుగుతుంది. మనది 50 హెర్ట్జ్, అదే రకం మోటారు ఇక్కడ 2850. వాళ్ళు చెప్పిన వేగంలో ఆరో వంతు తగ్గించుకోండి.

ఎంత వేగం కావాలి? కాల్చకముందు మెత్తటి ఉక్కును గరుకు బెల్టుతో దించడానికి సెకనుకు 15 నుంచి 20 మీటర్లు హాయి. గట్టిపడిన పలచని అంచుకు, చెక్క పిడికి 5 నుంచి 8. ఒకే వేగమున్న మిషను కొనాల్సి వస్తే నేను నెమ్మదైనదే తీసుకుంటాను. 1440 చుట్ల మోటారుకు 100 మి.మీ. చక్రం పెడితే ఏడున్నర వస్తుంది. పని నిదానంగా సాగుతుంది గానీ చాకు పాడవదు.

ఇంటి కరెంటుతో నడిచే మామూలు కెపాసిటర్ మోటారుకు ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించి వేగం తగ్గిద్దామనుకోకండి. బలం తగ్గి మోటారు వేడెక్కుతుంది. నిజంగా వేగం మార్చాలంటే త్రీ ఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) కావాలి. అది ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్. కాబట్టి మోటారు నేమ్ ప్లేట్ మీద డెల్టాలో 230 లేదా 240, స్టార్‌లో 400 లేదా 415 ఉండాలి (డెల్టా, స్టార్ అంటే మోటారు లోపలి తీగచుట్టలను కలిపే రెండు పద్ధతులు), కనెక్షన్ డెల్టాలో చేయించాలి. వీఎఫ్‌డీని మూత ఉన్న పెట్టెలో ఉంచాలి, ఇనుప పొడి లోపలికి పోతే కాలిపోతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే నా పద్ధతి ఉంది. 2850 మోటారుకు రెండు చక్రాలు చేయించుకున్నాను, ఒకటి 100 మి.మీ., ఒకటి 60. చిన్నది వేస్తే సెకనుకు 9 మీటర్లకు దిగుతుంది. మార్చడానికి పది నిమిషాలు పడుతుంది. అందుకే చాకులన్నీ కాల్చకముందు ఒక విడతగా, కాల్చాక ఒక విడతగా అరగదీస్తాను.

ఇక మోసుకెళ్ళగలిగే మిషను. ఫ్లాట్లలో ఉండేవాళ్ళు ఎక్కువమంది అడిగింది ఇదే. 25 × 762 మి.మీ. బెల్టు మిషను ఒక చేత్తో ఎత్తొచ్చు. కూరగాయల చాకుకు సరిపోతుంది. 50 × 1829 బెల్టు మిషను మోటారుతో కలిపి ఇద్దరు పట్టుకోవాలి, కానీ చాకులు చేసేవాళ్ళు ఎక్కువగా వాడే సైజు అదే కాబట్టి బెల్టుల రకాలు ఎక్కువ. మధ్యలోవి కొనేముందు ఆ పొడవు బెల్టు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి, మిషను తర్వాత. నేనైతే మందమైన చెక్క పలక మీద మిషను బోల్టులతో బిగించి, పలకను బాల్కనీ బల్లకు రెండు జీ క్లాంపులతో పట్టిస్తాను. పని అయ్యాక పలకతో సహా మంచం కిందికి. ప్లగ్గు మాత్రం వాషింగ్ మిషనుకు వాడే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే.

యాంగిల్ గ్రైండర్‌కు తగిలించే సన్న బెల్టు చట్రం పిడి వంపులకు బాగుంటుంది. అది 11,000 చుట్ల మిషను కాబట్టి 30 మి.మీ. చక్రమైనా బెల్టు వేగం 17 దాటుతుంది. పదును వాలు దానితో సమంగా రాదు. చెక్కపనికి వాడే చేతి బెల్టు సాండర్‌ను తలకిందులుగా బిగించి వాడేవాళ్ళు ముందు దాని పొడి సంచి తీసేయండి. రంపపు పొట్టు మీద నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

దుకాణంలో చూడాల్సినవి రెండే. బెల్టు వెనకున్న పలకకు స్టీలు స్కేలు నిలువుగా ఆనించి సందులోంచి వెలుతురు వస్తుందేమో చూడండి. ఆన్ చేయించి, చెక్కముక్కతో బెల్టును గట్టిగా నొక్కమనండి. బెల్టు పక్కకు జారిపోతే ఆ మిషనును అక్కడే వదిలేయండి.

అభ్యాసం. సికింద్రాబాద్ రాణిగంజ్‌కు దారం, మార్కర్ పట్టుకుని వెళ్ళండి. డబ్బు తీసుకెళ్ళకండి. మూడు మిషన్లు చూడండి. ప్లగ్గు తీయించి, బెల్టు విప్పించి, మోటారు చక్రం చుట్టూ నడిమధ్యన దారం చుట్టి గుర్తు పెట్టండి. అక్కడ చక్రం కాస్త ఉబ్బెత్తుగా ఉండొచ్చు, బెల్టు నిలిచేది ఆ ఉబ్బు మీదే. మీటర్లలో దారం పొడవును మోటారు చుట్లతో గుణించి 60తో భాగించండి, 3.14 అవసరమే ఉండదు. మూడింటి లెక్కలతో పాటు నేమ్ ప్లేట్ల ఫొటోలూ పంపండి. మిషను ముందే కొన్నవాళ్ళు 25 × 3 మి.మీ. ఇనుప పట్టీ ఒకటి తెచ్చి, ఆకురాయితో మాత్రమే రెండు వైపులా 100 మి.మీ. పొడవున వాలు దించండి. రెండు వాలుల ఎత్తు అర మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఇంకో పట్టీతో మళ్ళీ చేయండి. వచ్చే పాఠంలో గరుకు నంబర్లు ఆ పట్టీ మీదే చూపిస్తాను.