ర్యాంపు ఎక్కిన పాత బగ్గీ

మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లని గేటు దాకా దింపే గోల్ఫ్ కార్ట్ ర్యాంపు దగ్గర ఆయాసపడేది. ఆరు 6 వోల్టుల బ్యాటరీల బండి, అంటే 36. వాటి స్థానంలో ఆరు 8 వోల్టులవి పెట్టి 48 చేశాను. మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్, దానికి బ్యాటరీలను కలిపే స్విచ్చు లాంటి సాలినాయిడ్, ఛార్జర్ కూడా 48వే తెచ్చాను. మోటారు పాతదే, ఇంకా గట్టిగానే ఉంది.

రెండో రోజే కొత్త సాలినాయిడ్ అతుక్కుపోయింది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, దాన్ని విప్పి చూస్తే లోపలి రాగి బిళ్ల మీద నల్లటి గుంట. కంట్రోలర్‌లోని ఛార్జిని దాచుకునే కెపాసిటర్లు ఖాళీగా ఉంటే కాంటాక్టు కలవగానే ఒక్కసారిగా కరెంటు లాగేస్తాయి. ఆ నిప్పురవ్వకే బిళ్ల కాలింది. వాటిని ముందే మెల్లగా నింపే ప్రీఛార్జ్ రెసిస్టర్ సాలినాయిడ్ పెద్ద టెర్మినళ్ల మధ్య ఉండాల్సింది, నేను పెట్టలేదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకెళ్లి తెచ్చి, ఇంకో సాలినాయిడ్‌తో కలిపి బిగించాను. వేడెక్కుతున్న సన్న కేబుళ్లు మార్చి లావువి వేశాను.

నిన్న నలుగురితో ఆగకుండా ఎక్కింది. వెనక సీట్లో మామ్మగారు, "అప్పుడే వచ్చేశామా నాయనా!" అన్నారు.