వార్తను విప్పి చదవడం – 5వ పాఠం: సమాచారం ఏ దారిన వెళ్లింది?

కిందటి పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. "గూగుల్‌ను పుట్టించింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏనే" అని మన కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫార్వర్డ్‌ను తీసుకుని, రుజువున్న ముక్కలేవో లేనివేవో విడదీయమన్నాను. కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు నుంచి జవాబులు వచ్చాయి. కొందరు అంతా అబద్ధమని ఒక్క ముక్కలో కొట్టేశారు. ఇంకొందరు "అంతా నిజమే, స్నోడెన్ చెప్పాడు కదా" అన్నారు, అమెరికా నిఘా రహస్యాలను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్‌ను తలుచుకుని. రెండు జవాబులూ తొందరపాటువే.

ఆ ఫార్వర్డ్‌లో మూడు సంగతులను ఒకే గాటన కట్టేశారు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ 1998లో వెలువరించిన పరిశోధన పత్రంలో డబ్బు ఎక్కడిదో వాళ్లే రాశారు: నేషనల్ సైన్స్ ఫౌండేషన్, దానికి తోడు అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, నాసా. ఇది మొదటిది. సీఐఏ అండతో 1999లో మొదలైన ఇన్‌-క్యూ-టెల్ అనే పెట్టుబడి సంస్థ 2003లో కీహోల్ అనే మ్యాపుల కంపెనీలో డబ్బు పెట్టింది. మరుసటి ఏడే ఆ కంపెనీని గూగుల్ కొనేసింది, మనం వాడే గూగుల్ ఎర్త్ దాన్నుంచే వచ్చింది. ఇది రెండోది. మూడోది 2013లో బయటపడ్డ ప్రిజమ్, అంటే ఇంటర్నెట్ కంపెనీల నుంచి అమెరికా ప్రభుత్వం సమాచారం సేకరించే రహస్య కార్యక్రమం. మూడూ జరిగినవే. అయినా మూడింటినీ కలిపితే "సీఐఏ గూగుల్‌ను పుట్టించింది" అనే మాట తేలదు. డార్పా సీఐఏ కాదు, కీహోల్ గూగుల్ పుట్టాక కొన్న కంపెనీ, ప్రిజమ్ నడిపింది ఎన్‌ఎస్‌ఏ అనే మరో అమెరికా నిఘా సంస్థ.

కాబట్టి ఈ వారం నేర్చుకోవాల్సింది ఒక్క ప్రశ్న వేయడం: సమాచారం, లేదా డబ్బు, ఏ దారిన వెళ్లింది?

మన ఊళ్లలో "ఆ పొలానికీ ఆయనకూ లింకుంది" అంటే ఎవరూ అంతటితో వదలరు. పట్టాదారా, కౌలుదారా, తాకట్టు పెట్టించుకున్నవాడా, గట్టు జరిపి ఆక్రమించినవాడా అని అడుగుతారు. ఇక్కడా అలాగే అడగండి. గూఢచారి సంస్థ కంపెనీలో పెట్టుబడి పెట్టిందా? కంపెనీ దగ్గర ఏదైనా కొన్నదా? చట్టం చూపించి సమాచారం తీసుకుందా? కంపెనీకి తెలియకుండా లాగేసిందా? దారిని బట్టి తప్పు ఎవరిదో మారుతుంది, రుజువు ఎక్కడ వెతకాలో కూడా మారుతుంది.

కొనుగోళ్లు తేలిక, అవి చాలావరకు బయటికి తెలిసిపోతాయి. 2013లో సీఐఏ క్లౌడ్ సేవల కోసం అమెజాన్‌కు ఇచ్చిన 60 కోట్ల డాలర్ల కాంట్రాక్టు అలాంటిదే. కష్టమంతా చివరి రెండు దారుల్లో ఉంది. అందుకే ప్రిజమ్ దగ్గర కాసేపు ఆగుదాం.

2013 జూన్‌లో గార్డియన్, వాషింగ్టన్ పోస్ట్ పత్రికలు ఎన్‌ఎస్‌ఏ లోపలి స్లైడ్లను ప్రచురించాయి. వాటిలో తొమ్మిది కంపెనీల పేర్లున్నాయి. 2007లో మొదట చేరింది మైక్రోసాఫ్ట్, 2012లో ఆఖరున ఆపిల్. కంపెనీల సర్వర్ల నుంచి నేరుగా సమాచారం తీసుకుంటున్నామని స్లైడ్ చెప్పింది. మా సర్వర్లలోకి ప్రభుత్వానికి నేరుగా దారి ఇవ్వలేదని కంపెనీలు ఖండించాయి. ప్రిజమ్ పేరే వినలేదని కూడా కొన్ని అన్నాయి.

ఇక్కడ పెన్సిల్ పట్టుకోండి. ఖండనను వాక్యం వాక్యంగా రాసుకుని, అది దేన్ని కాదంటోందో, దేని జోలికి పోవడం లేదో పక్కన రాయండి. నేరుగా దారి ఇవ్వలేదన్నారు, అసలు సమాచారమే ఇవ్వలేదని అనలేదు. అమెరికా విదేశీ గూఢచర్య చట్టంలోని 702వ సెక్షన్ కింద ఆదేశం వస్తే, అందులో చెప్పిన ఖాతాల సమాచారం కంపెనీ ఇవ్వక తప్పదు. ఆ పనికి ఎన్‌ఎస్‌ఏ లోపల పెట్టుకున్న పేరు కంపెనీకి తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఖండన అక్షరాలా నిజమైనా సమాచారం వెళ్తూనే ఉండొచ్చు.

అదే ఏడాది అక్టోబరులో మస్క్యులర్ అనే మరో నిఘా కార్యక్రమం సంగతి బయటికొచ్చింది. గూగుల్, యాహూ డేటా సెంటర్ల మధ్య నడిచే లైన్లలోంచి ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ కలిసి సమాచారం తోడుకున్నాయి. ఇందులో కంపెనీ ఏదీ చేతికివ్వలేదు. గూగుల్ ఇంజనీర్లకు ఒళ్లు మండింది, ఆ లైన్లను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా సమాచారాన్ని సంకేతాలుగా మార్చే పని వేగంగా ముగించారు. అంటే ఒకే కంపెనీ ఒక దారిలో చట్టానికి లోబడి ఇచ్చింది, ఇంకో దారిలో పోగొట్టుకుంది. "గూగుల్ కుమ్మక్కైంది" అన్న ఒక్క వాక్యంలో ఈ రెండూ ఇమడవు.

యాహూ కథ ఇంకా బాధాకరం. అలాంటి ఆదేశాన్నే ఎదిరించి 2007–08లో రహస్య కోర్టులో కొట్లాడి ఓడిపోయింది. లొంగకపోతే రోజుకు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా అని ప్రభుత్వం బెదిరించింది. ఈ కాగితాలు జనానికి కనిపించింది 2014లో. అన్నేళ్లూ యాహూ నోరు విప్పలేకపోయింది. కంపెనీ మౌనంగా ఉంది కాబట్టి ఇష్టపడే ఇచ్చిందని రాసేవాళ్లను నేను నమ్మను.

ఈ 702 గురించి మనం పట్టించుకోవాల్సిన మాట ఒకటుంది. అది గురిపెట్టేది అమెరికా బయట ఉన్న, అమెరికా పౌరులు కానివాళ్లను. కర్నూలు సి.క్యాంపులో జీమెయిల్ వాడే మన పిల్లలందరి మీదా నిఘా ఉందని దీనర్థం కాదు. కానీ ఆ దేశ పౌరులకు రాజ్యాంగం ఇచ్చే రక్షణ మనకు లేదు. నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది, ఆ మాట దాచను.

మరి రుజువు దొరకనివన్నీ అబద్ధాల గడిలో వేయాలా? వద్దు. క్రిప్టో ఏజీ అనే స్విస్ కంపెనీ దేశదేశాల ప్రభుత్వాలకు రహస్య సందేశాల యంత్రాలు అమ్మింది, కొన్నవాళ్లలో భారత్ కూడా ఉంది. దాని మీద అనుమానం చాలాకాలం అనుమానంగానే ఉండిపోయింది. 1970 నుంచి ఆ కంపెనీ సొంతదారులు సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థేనని వాషింగ్టన్ పోస్ట్, జర్మన్ టీవీ జెడ్‌డీఎఫ్ బయటపెట్టింది 2020లో. అందుకే మీ నోటుబుక్కులో "తేలలేదు" అనే గడి తప్పకుండా ఉంచండి. అందులో వేసిన ప్రతిదాని పక్కన ఏ కాగితం దొరికితే అది తేలుతుందో రాయండి.

మన దేశం దగ్గరికొస్తే, ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద సమాచారాన్ని అడ్డగించి చదివే అధికారం పది సంస్థలకు ఉందని కేంద్ర హోంశాఖ 2018 డిసెంబరు 20న ఉత్తర్వు ఇచ్చింది. మన గూఢచారి సంస్థలు ఐబీ, రా రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. సమాచార హక్కు కింద వాటిని అడుగుదామంటే, ఆ చట్టంలోని 24వ సెక్షన్ వాటిని మినహాయించింది. మిగిలిన దారి కంపెనీలు ప్రచురించే పారదర్శకత నివేదికలు. గూగుల్ 2010 నుంచి వీటిని ఇస్తోంది. ఏ దేశ ప్రభుత్వం ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నింటికి ఎంతోకొంత సమాచారం ఇచ్చారో అందులో ఉంటుంది. వాటిని చదవడమే వచ్చే పాఠం.

ఈ వారం అభ్యాసం పెగాసస్. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ తయారుచేసిన నిఘా సాఫ్ట్‌వేర్ ఇది. తన కాల్ సదుపాయాన్ని వాడుకుని జనం ఫోన్లలో చొరబడ్డారని వాట్సాప్ 2019లో ఎన్‌ఎస్‌ఓ మీద అమెరికా కోర్టులో కేసు వేసింది. భారత్‌లో వచ్చిన ఆరోపణల మీద సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో కమిటీ వేసింది. "వాట్సాపే మన మెసేజ్‌లను ప్రభుత్వానికి ఇచ్చింది" అని మీ గ్రూపులో ఎవరైనా అన్నారనుకోండి. నాలుగు దారుల్లో ఇది ఏది, లేక ఐదోది కావాలా? అర పేజీలో రాయండి. రాసిన ప్రతి వాక్యం పక్కన రుజువుందనో, లేదనో, తేలలేదనో గుర్తు పెట్టి పంపండి.